పాటల పెట్టెకు స్వదేశీ ప్రాసెసర్
దమ్‌దమ్‌లో ఒకనాడు గ్రామఫోన్ రికార్డులు తయారు చేసిన కోల్‌కతా సంస్థ ‘సరిగమ’ 2017లో 5,000 పాత హిందీ పాటలు నింపిన ‘కారవాన్’ పెట్టెను విడుదల చేసింది. ఇంటర్నెట్ అక్కరలేని ఆ సాధనం వృద్ధులను విశేషంగా ఆకట్టుకుంది.

ఇటువంటి పరికరాలకు మైక్రోప్రాసెసర్‌ను ఎంపిక చేయడంలో వేగమే ప్రమాణం కారాదు. ఎంపీ3 పాటను వినిపించడానికి కొన్ని పదుల మెగాహెర్ట్జ్‌లు చాలు. అంతకు మించిన వేగం కొనుగోలుదారుకు భారం, బ్యాటరీకి చేటు. విద్యుత్ పొదుపు, ఏళ్ల తరబడి నిలకడైన సరఫరా ముఖ్యం. 2021లో చిప్‌ల కొరత కార్ల కర్మాగారాలనే స్తంభింపజేసిన సంగతి విదితమే.

ఈ స్వల్ప అవసరమే స్వదేశీ చిప్‌లకు తగిన ప్రవేశద్వారం. మద్రాసు ఐఐటీ రూపొందించిన ‘శక్తి’ చిప్ 2018లో మొహాలీలోని ప్రభుత్వ కర్మాగారంలో తయారైంది. సీ-డాక్ సంస్థ ‘వేగా’ను రూపొందించింది. రెండింటికీ ఆధారమైన ‘రిస్క్-ఫైవ్’ నిర్దేశాలను వాడుకోవడానికి లైసెన్సు రుసుము లేదు. దిగుమతి చిప్‌లే చౌక అన్న వాదన నిజమే కావచ్చు. కానీ ఆర్డర్లు రానిదే ఏ చిప్ ధరా దిగిరాదు. తయారీదారులు కనీసం ఒక నమూనాలోనైనా వీటిని పరీక్షించాలి. తొలి ఆర్డరుకు ప్రభుత్వం అండగా నిలవాలి.