ఆ జన్యువు లేకున్నను జరుగునా?

2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి మన గృహములకు దెచ్చిన దుఃఖమును సోదరీమణులు మరచియుండరు. ఆ వ్యాధిని గలిగించు వైరసునకు వలయు సూచనలన్నియు సుమారు 30,000 అక్షరముల లిఖితమం దిమిడియున్నవి. అం దొక్కొక్క వాక్యము వంటిది జన్యువు. కొన్ని జన్యువులు లేనిచో వైరసు పెరుగనే పెరుగదు. మరికొన్ని యుండియు లేకయు నొక్కటే యని తోచును. ఏది యవసరమో, ఏది కాదో శాస్త్రజ్ఞులు నిర్ణయించు విధమును ఈ మాసమున విన్నవింప దలచితిమి.

మొదటి మార్గము తీసి చూచుట. పప్పులో ఉప్పు లేనిచో మొదటి ముద్దకే తెలియును; ఇంగువ లేనిచో కొందరికే తెలియును. అట్లే ప్రయోగశాలలో ఒక జన్యువును తొలగించి, ఆ వైరసు పెరుగునో లేదో చూతురు. 2002వ సంవత్సరమున ఎలుకలకు సోకు కరోనా వైరసునుండి కొన్ని ఉపజన్యువులను తొలగించి చూచిరి. గాజుపాత్రలోని జీవకణములలో అది పెరిగినది; ఎలుక శరీరమున మాత్రము దాని బల ముడిగినది. కారణ మూహింపదగినదే. పాత్రలో శత్రువు లేడు. దేహమందు రక్షకదళ మున్నది. ఇంటిలో కూర్చున్నంతసేపు గొడుగుతో పనిలేదు. వానలో నడుచునప్పుడు గదా దాని యవసరము తెలియుట!

రెండవ మార్గము ప్రకృతియే చేసిన ప్రయోగమును గమనించుట. ఓఆర్ఎఫ్ 8 అను జన్యు విందులకు మంచి యుదాహరణము. 2003లో సార్సు వ్యాధి వ్యాపించినపుడు, ఆ వైరసు ఈ జన్యువులో 29 అక్షరములను గోల్పోగా, అది రెండు తునుక లయ్యెను. 2020లో సింగపూరునందు 382 అక్షరములు లోపించిన కరోనా వైరసు కనబడినది. అది మాత్రమే సోకిన 29 మంది రోగులలో ఒక్కరికిని ప్రాణవాయువు నందింప నవసరము కలుగలేదు. లోపములేని వైరసు సోకిన 92 మందిలో 26 మందికి కలిగెను. ఈ జన్యువు పోయిన వ్యాధి తేలికయగునని పలువురు సంతసించిరి.

కాని యా సంతోషము నిలువలేదు. 2020 సంవత్సరాంతమున ఇంగ్లండులో బయలుదేరిన ఆల్ఫా రకమందు, 121 కొలుకులుగల ఆ మాంసకృత్తు 27వ కొలుకు కడనే తెగిపోయినది. అయినను ఆ రకము ప్రపంచమంతట వ్యాపించి యెందరినో బలిగొనెను. దానిలో నితరమైన మార్పులును కలవు గనుక, ఒక్క జన్యువును బట్టి మంచి చెడ్డలు తేల్చరాదని గ్రహింపవలెను. మనుష్యులలో వ్యాపించుటకు ఈ జన్యువు తప్పనిసరి కాదని మాత్రము తేలినది. తప్పనిసరి కాకపోవుట వేరు, నిరుపయోగ మగుట వేరు.

మూడవ మార్గము వేలకొలది వైరసుల లిఖితములను సరిపోల్చుట. ఒక జన్యువులో మాంసకృత్తును మార్చు తప్పులు నిలువక నశించుచుండినచో, అది యుపయోగకరమని యూహింతురు. తప్పు లెన్ని దొర్లినను వైరసు లెక్కసేయక సాగుచున్నచో, దానిపని స్వల్పమని తలంతురు.

ఈ చర్చ గృహిణుల కేల యనవచ్చును. మన బిడ్డలకు వేయించు పోలియో చుక్కలు బలము తగ్గించిన సజీవ వైరసుతో చేయబడినవే గదా. కరోనాకు నట్టి మందు చేయదలచువారు, ఏ జన్యువు తీసిన వైరసు పెరుగుచునే హాని చేయకుండునో నిశ్చయముగా నెరుగవలెను. అచట పొరపాటు జరిగినచో ఫల మనుభవించునది బిడ్డలే.

కావున "వైరసు ఫలానా జన్యువును గోల్పోయినదట, ఇక భయము లేదు" అను మాట చెవినిబడినపుడు, ఆ జన్యువు దేనికి యవసరము, ఎక్కడ పరీక్షించిరి అని సోదరీమణులు ప్రశ్నింతురుగాక. ఇంటిలో జ్వరపడినవారికి ఆయాసము కలిగినచో, అది యే రకమో విచారింపక వెంటనే వైద్యుని కడకు గొనిపోవలెనని మా మనవి.