మేట చూపి కోత దాస్తారా?

తీరం కోతపై పార్లమెంటులో ప్రశ్న పడినప్పుడల్లా కేంద్రం బయటికి తీసే పట్టిక ఒకటుంది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాల ఆధారంగా కట్టిన లెక్క అది. అందులో ఆంధ్రప్రదేశ్ తీరం 1,027.58 కిలోమీటర్లు. కోతకు గురవుతున్నది 294.89 కిలోమీటర్లు, అంటే 28.7 శాతం. స్థిరంగా ఉన్నది 21.7 శాతం. మేట వేసి పెరుగుతున్నది 49.6 శాతం. జవాబు అంతే. విన్నవాళ్లకు మిగిలే అర్థం కూడా ఒక్కటే: మన తీరం పోగొట్టుకుంటున్న దానికన్నా సంపాదించుకుంటున్నదే ఎక్కువ! కాకినాడకు ఉత్తరాన, అలలు కోసుకుపోతున్న ఉప్పాడలో నిలబడి ఈ ముక్క చెప్పగల అధికారి ఎవరైనా ఉన్నారా?

శాస్త్రవేత్తల శ్రమను తక్కువ చేయలేం. 6,632 కిలోమీటర్ల దేశ తీరాన్ని ఒకే కొలబద్దతో కొలవాలంటే ఉపగ్రహాన్ని మించిన సాధనం లేదు. 1:25,000 స్కేలులో 526 పటాలు గీసిపెట్టిందీ ఆ సంస్థే. మా అభ్యంతరం ఆ 49.6 మీద. కోతకు విరుగుడుగా, సభలో ఓదార్పుగా దాన్ని కోత పక్కన నిలబెట్టడం మీద.

అసలు ఆ శాతాలు దేన్ని కొలుస్తున్నాయి? తీరం పొడవును. పోయిన నేలను కాదు. ఏడాదికి 60 సెంటీమీటర్లు కోసుకుపోయే కిలోమీటరూ, ఆరు మీటర్లు కోసుకుపోయే కిలోమీటరూ మొత్తంలో ఒక్కో కిలోమీటరే. మొదటిచోట 28 ఏళ్లలో సముద్రం 17 మీటర్లు లోపలికి వస్తే, రెండోచోట 168 మీటర్లు వచ్చేస్తుంది. ఒకచోట కొబ్బరి వరస పోతుంది, ఇంకోచోట పేటకు పేటే పోతుంది. పట్టికకు రెండూ ఒకటే. ఇక ‘స్థిరం’ అన్న గడి సంగతి. ఏడాదికి అర మీటరు లోపు కదలికను స్థిరం కింద రాస్తారు. కొలతలో పొరపాటుకు ఆ మాత్రం వెసులుబాటు తప్పదంటారు, నిజమే. కానీ అర మీటరు చొప్పున 28 ఏళ్లంటే 14 మీటర్లు. బెస్తపేటలో ఇల్లూ వాకిలీ కలిపి అంత లోతు ఉండదు. ఇల్లు అలల పాలయ్యాక కూడా ‘మీ తీరం స్థిరం’ అని రాసిచ్చే లెక్కను ఏమనాలి?

రాళ్లు పోసిన చోట ఇంకో మాయ. గోడకు అవతల ఇసుక మొత్తం కొట్టుకుపోయినా గీత గోడ దగ్గరే ఆగుతుంది. పడవ లాగి నిలబెట్టుకోవడానికీ, వల ఆరేసుకోవడానికీ జానెడు చోటు లేని ఒడ్డు పటంలో నిశ్చలంగా కనిపిస్తుంది.

ఈ లెక్కలోని అసలు మోసం మాత్రం మేటనూ కోతనూ సంబంధం లేని రెండు గడుల్లో వేయడం. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్‌నే చూడండి. గోదావరి తెచ్చిన ఇసుకతో రెండు వందల ఏళ్లలో తయారై, ఉత్తరానికి సాగి, దాదాపు 16 కిలోమీటర్ల పొడవైన దిబ్బ అది. కాకినాడ ఓడరేవుకు అదే పెట్టనికోట. మన తీరంలో ఇసుక నడక ప్రధానంగా ఈశాన్యానికి. ఉప్పాడ ఒడ్డుకు చేరాల్సిన ఇసుకకు ఈ దిబ్బా, దీని వెనకున్న అఖాతమూ అడ్డుపడ్డాయి. దిబ్బ కొస దాటి వంగిన అలల దెబ్బ ఉత్తరాన ఉన్న ఉప్పాడ మీద పడుతోంది. దీనికితోడు రేవు కోసం కట్టిన కట్టలు, తవ్వకాలు. ఇక్కడి మేట అక్కడి కోతకు పరిహారం ఎలా అవుతుంది? అక్కడి కోతకు ఒక కారణమే ఇది! మన గాదెలోని గింజలే పక్క గాదెలో చేరితే, మొత్తం మీద ధాన్యం తగ్గలేదు కదా అని సముదాయించినట్టుంది ఈ వరస. పైగా నదీముఖాల దగ్గర లేచిన ఇసుక తిన్నె మీద ఎవరూ ఇల్లు కట్టుకోలేరు, మగ్గం దింపుకోలేరు.

ఎక్కడో పడిన మేట తన కోతను పూడ్చదని ఉప్పాడకు బాగా తెలుసు. తుపాను హెచ్చరిక వస్తే కాకినాడ బీచ్ రోడ్డు మూసేస్తారు. రక్షణ కోసం పోసిన బండరాళ్లనే అలలు ఎత్తి రోడ్డు మీద పడేస్తాయి. తెల్లారేసరికి తారు లేచిపోయి కంకర తేలుతుంది. కోట్లు పోసి పరిచిన జియోట్యూబులు చిరిగి ఇసుక కక్కేశాయి. జాందానీ చీర నేసే ఊరిది. మగ్గం గుంటలో నీళ్లు ఊరితే నేత ఆగుతుంది, ఆ పూట కూలీ ఆగుతుంది. ఆ నష్టానికి ఏ శాతం గడీ లేదు.

లెక్క 1990లో మొదలుపెట్టడమూ అమాయకమైన విషయమేమీ కాదు. అప్పటికే గోదావరి మీద పెద్ద ఆనకట్టలు లేచి ఒండ్రును పట్టేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు 2004లోనే ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఆ సంగతి బయటపెట్టారు: 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులున్న గోదావరి ఒండ్రు 1990లలో 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. 1976 నుంచి 2001 వరకు డెల్టా అంచున నికరంగా పోయిన నేల 1,836 హెక్టార్లు, అంటే 4,500 ఎకరాల పైమాటే. నికరంగా అంటే, మేట వేసింది తీసేశాక మిగిలిన నష్టం. పొడవు బదులు విస్తీర్ణం కొలిచి, పద్నాలుగేళ్లు వెనక్కి వెళ్లి చూస్తే గోదావరి డెల్టా కథ ఇలా తిరగబడుతోంది. ఇరవై ఏళ్లుగా అచ్చులో ఉన్న ఈ అంకెలు ఢిల్లీ కంటపడలేదనుకోమంటారా?

హోప్ ఐలాండ్ విషయంలో ఒక్క గీత గీసి ఊరుకోవడం మరీ ప్రమాదం. ఇలాంటి దిబ్బల కొస పొడుగవుతూనే నడుము సన్నబడొచ్చు. సముద్రం వైపు అంచు, అఖాతం వైపు అంచు, మధ్య ఎత్తు మూడూ కొలిస్తేనే అది పెరుగుతోందో, సాగి బక్కచిక్కుతోందో తేలుతుంది. నడుము దగ్గర గండి పడితే నేరుగా అలల ముందు నిలబడాల్సింది కాకినాడే.

కాబట్టి ఇకపై సభలో చెప్పే లెక్క ఊరివారీగా, హెక్టార్లలో ఉండాలి. రాళ్లు పోసిన తీరాన్ని ‘స్థిరం’ గడిలోంచి తీసి విడిగా చూపాలి. పాత పటాలున్నంత వెనక్కి వెళ్లి లెక్క మొదలుపెట్టాలి. హోప్ ఐలాండ్‌ను ఏటా వర్షాకాలం ముందొకసారి, తర్వాతొకసారి కొలిచి ఆ వివరాలు కాకినాడ కలెక్టరేట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలి. రాష్ట్ర ప్రభుత్వం కూడా కొత్త గోడకు టెండరు పిలిచే ముందు ఈ కొలతలు అడిగి తీసుకోవాలి. అవి చేతికి వచ్చేదాకా ఆ 49.6ను మళ్లీ సభ ముందు చదవడానికి వీల్లేదు.