మక్కల్ని కోళ్లకే ఎందుకు వదిలేయాలి? సున్నపు నీళ్లల్లో ఉడికించి చూడండి

వీడియో చూసిన వాళ్లకు పద్ధతి అర్థమయ్యే ఉంటుంది. వీడియోలో చెప్పడానికి టైం సరిపోని మాటలు, కొందరికి నచ్చని మాటలు కూడా ఇక్కడ రాస్తున్నా.

హైదరాబాద్‌లో మా దగ్గర పప్పులు, పసుపు కొనే కస్టమర్లలో కొందరు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: "మీ దగ్గర మసా పిండి దొరుకుతుందా?" మసా పిండి అంటే మెక్సికో వాళ్లు టోర్టియాలు, టమాలేలు చేసుకునే మక్క పిండి. పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో బయటి దేశాల ప్యాకెట్ కిలోకు వందల రూపాయలు పెట్టి కొంటున్నారు. మన ధర్మసాగర్ చుట్టుపక్కల యాసంగిలో ఎటు చూసినా మక్క చేనే. 2025-26కి మక్కలకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,400 రూపాయలు, అంటే కిలో 24. ఆ ధర కూడా చేతికి రాని రోజులు మనకు కొత్త కాదు. 24 రూపాయల గింజకూ వందల రూపాయల పిండికీ మధ్య ప్యాకెట్ ఖర్చు, ఓడ ఖర్చు, దుకాణం లాభం ఉన్నాయి, కాదనను. కానీ గింజకు జరిగే అసలు పని చూస్తే చిటికెడు సున్నం, ఒక రాత్రి నానడం. అంతే.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఈ పిండిని బయటి నుంచి తెప్పించుకోవడం మన జిల్లాకు సిగ్గుచేటు. మక్కల్ని కోళ్ల దాణాకు, ఇథనాల్ ఫ్యాక్టరీలకు మాత్రమే పండించే పంటగా చూడటం అంతకంటే పెద్ద నష్టం.

మా ఇంట్లో పెద్దవాళ్లు, "కోళ్లు తినేది మనం తినుడేంది బిడ్డా?" అంటారు. నవ్వొస్తుంది కానీ దాని వెనక కథ ఉంది. మక్క గట్క అంటే మన దగ్గర పేదరికం గుర్తు. బియ్యం దొరికాక గట్కను మరచిపోవడమే గౌరవం అనుకున్నారు. వాళ్లను తప్పు పట్టను. అయితే అదే ఇంట్లో వానాకాలం లేత కంకులు కాల్చుకుని తింటాం, మక్క గారెలు చేసుకుంటాం, గుడాలు ఉడకబెట్టుకుంటాం. అంటే రుచి మీద కోపం లేదు. ఎండిన గింజనే పక్కన పెట్టేశాం.

ఇంకో కారణం కూడా ఉంది. ఎండిన మక్కల్ని గిర్నిలో పట్టించిన పిండితో రొట్టె సరిగా రాదు. జొన్న రొట్టె చేయి తిరిగిన అమ్మలకు కూడా మక్క రొట్టె అంచులు పగిలిపోతాయి. వేడి నీళ్లు పోసి పిసికితే కొంత నయం, అంతే. సున్నపు నీళ్లల్లో ఉడికించిన గింజ అట్లా కాదు. సున్నం గింజ మీది పొట్టును వదులు చేస్తుంది, ఆ పొట్టును పట్టి ఉంచే పదార్థాన్ని కరిగిస్తుంది, ముద్దకు జిగురు వస్తుంది. మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల ఆడవాళ్లు వేల ఏళ్ల నుంచి చేస్తున్న పని ఇది. వాళ్ల నహువాట్ల్ భాషలోని మాట నుంచే దీనికి నిక్స్‌టమలైజేషన్ అనే పేరు వచ్చింది. నోరు తిరగకపోతే "సున్నపు మక్క" అనుకుందాం, పని జరిగితే చాలు.

దీని విలువ ఎంతో చరిత్ర చూపించింది. కొలంబస్ తర్వాత యూరప్ వాళ్లు మక్క గింజ తీసుకెళ్లారు, సున్నం సంగతి అక్కడే వదిలేశారు. మక్కలే ముఖ్యమైన తిండిగా బతికిన పేదలకు పెల్లాగ్రా వచ్చింది. చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు, చివరికి మతి తప్పడం. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు ఈ జబ్బును గుర్తించాడు. 1900ల మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేలమంది చనిపోయారు. ఇది అంటువ్యాధి కాదు, తిండి లోపం అని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ చూపించాడు. మక్కలో నయాసిన్ అనే విటమిన్ ఉంటుంది కానీ గట్టిగా కట్టుబడి ఉంటుంది, మన ఒంటికి అందదు. సున్నం ఆ కట్టును విప్పుతుంది. మన దగ్గరా ఈ జబ్బు ఉండేది. దక్కన్‌లో జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రాను హైదరాబాద్‌లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా పరిశీలించి, జొన్నలోని లూసిన్ ఎక్కువ కావడం కారణమని 1960లో రాశారు. ఈ రోజు పప్పు, పాలు, గుడ్డు తినే ఇంట్లో పెల్లాగ్రా భయం లేదు. మక్క తింటే షుగర్ పోతుంది, మోకాళ్ల నొప్పులు పోతాయి లాంటి మాటలు నేను చెప్పను. అట్లా చెప్పే వీడియోలు మీకు చాలా దొరుకుతాయి.

ఇక పద్ధతి. బాగా ఎండిన మక్కలు కిలో, నీళ్లు మూడు లీటర్లు, తినే సున్నం పొడి పది గ్రాములు. పాన్ డబ్బాలో తడి సున్నం అయితే అందులో నీళ్లు ఉంటాయి కాబట్టి ఇరవై గ్రాముల దాకా పడుతుంది. బీజామృతం కలిపే వాళ్లందరి ఇంట్లో సున్నం ఉంటుంది, కానీ గోడలకు వేసే సున్నం వంటకు వద్దు, తాంబూలంలో వాడేదే వాడండి. గిన్నె స్టీలుదే కావాలి. సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది. ముందు నీళ్లల్లో సున్నం కలిపి, మక్కలు వేసి, సన్న మంట మీద అరగంట నుంచి ముప్పావు గంట ఉడికించి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు జారిపోవాలి. రెండు మూడు నీళ్లల్లో కడిగి, తక్కువ నీళ్లతో రోట్లోనో గ్రైండర్‌లోనో రుబ్బండి. సున్నం ఎక్కువైతే చేదు, తక్కువైతే పొట్టు ఊడదు, అంతకుమించి ఇందులో రహస్యం లేదు. కిలో గింజలకు కిలోన్నర పైనే ముద్ద వస్తుంది. ఆ ముద్దే మసా. దాన్ని పలచగా పరిచి త్వరగా ఆరబెట్టి, గిర్నిలో పట్టించి జల్లెడ పడితే దుకాణంలో అమ్మే పిండి.

స్వీట్ కార్న్ దీనికి పనికిరాదు. బూజు కనిపించిన గింజ అసలు వద్దు. ఉడికించినా బూజు విషం పూర్తిగా పోదు. మార్కెట్‌కు పోయే లాట్‌లోంచి తీసుకోవద్దని కూడా చెప్తా. నిల్వలో మందు బిళ్లలు పెట్టారో లేదో మనకు తెలియదు. మీ చేనులోదో, తెలిసిన రైతుదో తీసుకోండి.

వంట సులువు. నిమ్మకాయంత ముద్దను రెండు పాలిథిన్ కాగితాల మధ్య పెట్టి పళ్లెంతో అదిమి, వేడి పెనం మీద రెండు వైపులా కాల్చితే టోర్టియా. వాళ్ల సల్సా అంటే ఏమిటనుకున్నారు? టమాట, ఉల్లి, మిర్చి పెనం మీద కాల్చి రాతి రోట్లో నూరడమే. మన రోటి పచ్చడికి సొంత అక్క. ఎర్రటి రంగు, తక్కువ కారం కావాలంటే మన వరంగల్ చపాటా మిర్చిని మించింది లేదు, దానికి 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ముద్దలో కొంచెం నూనె, ఉప్పు కలిపి, మధ్యలో కూర పెట్టి, కంకి మీది ఆకుల్లో చుట్టి ఆవిరికి ఉడికిస్తే టమాలే. ముద్దను నీళ్లల్లో కలిపి బెల్లం వేసి కాస్తే అటోలే, తాగితే మీకు అంబలి గుర్తొస్తుంది. పొట్టు తీసిన గింజను రుబ్బకుండా మాంసం పులుసులో ఉడికిస్తే పోసోలే. మా పిల్లలు దానికి పెట్టిన పేరు గుడాల చారు.

ప్రకృతి వ్యవసాయం చేసే మిత్రులే నన్ను ఎక్కువ తిడుతున్నారు. మక్క విదేశీ పంట, నేలను పీల్చేస్తుంది, చిరుధాన్యాలు వదిలి ఇదేంటి అని. విదేశీ అంటే మిర్చి, టమాట, జామ కూడా ఆ వైపు నుంచే వచ్చాయి. ఎవరైనా మానేశారా? పీల్చేస్తుందన్నది మాత్రం నిజం, కానీ బస్తాల కొద్దీ యూరియా పోసి మక్క తర్వాత మక్క వేసే పద్ధతికి అది నిజం. మెక్సికో రైతు మిల్పా అని చేసే సేద్యం చూడండి: మక్క, దాని కాండం మీదికి పాకే చిక్కుడు, కింద గుమ్మడి. చిక్కుడు నత్రజని ఇస్తుంది, గుమ్మడి ఆకు నేలను కప్పుతుంది. మనం ఆచ్ఛాదన అని క్లాసుల్లో చెప్పేది అదే. మన దగ్గర మక్కలో కంది అంతర పంట ఎలాగూ ఉంది, బొబ్బర్లు, గుమ్మడి చేర్చడం కష్టం కాదు. కత్తెర పురుగు 2018లో వచ్చాక మక్క ఒక్కటే ఉన్న చేను ఎట్లా అయిపోయిందో అందరం చూశాం.

జొన్న వదలమని నేను అనను. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు జొన్న రొట్టే. నేను కోరేది ఎకరం మక్కలో ఒక మూల ఇంటి తిండికి మందు కొట్టకుండా వదలమని. తర్వాత ఊరి మహిళా సంఘాలు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఈ పిండి అమ్మితే, నాలాంటి వ్యాపారికి పోటీ వచ్చినా నాకు అభ్యంతరం లేదు. పిండిగా అమ్మితే ఆ కిలో మీద మిగిలేది గింజ అమ్మిన ధరతో పోల్చే లెక్క కాదు.

ఒక్క జాగ్రత్త. కడిగిన సున్నపు నీళ్లు జీవామృతం డ్రమ్ములో పోయకండి, సూక్ష్మజీవులు చస్తాయి. బాగా నీళ్లు కలిపి ఎర్ర చెల్కలో పారబోయొచ్చు, సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో వద్దు. ఆ ఊడిన పొట్టు మాత్రం కంపోస్టు గుంతలోకి.