కుక్కరు గాస్కెట్టూ, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ

ప్రెషర్ కుక్కరుకు గాస్కెట్టు కొనబోతే దుకాణదారు ఏ కంపెనీ, ఎన్ని లీటర్లు అని అడుగుతాడు. కుక్కరు ఏ నెలలో తయారైందని ఎన్నడూ అడగడు. అలా అడగడం మొదలుపెడితే ఊళ్లో సగం ఇళ్లలో పప్పు ఉడకదు. 2023లో ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ తయారుచేస్తూ నేను సరిగ్గా ఆ ప్రశ్నే అడిగాను. దాని పర్యవసానాన్ని ఈ నెల పాఠకులకు విన్నవించదలచాను.

లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో ప్రతి ప్రోగ్రామూ ఒక ప్యాకేజీగా అందుతుంది. 1993లో ఇయన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ వీటిలో ప్రముఖమైనది; మన సి-డాక్ రూపొందించిన బాస్ లినక్స్‌కు కూడా అదే ఆధారం. ప్యాకేజీ వెంట ఉండే కంట్రోల్ ఫైలులో ‘డిపెండ్స్’ అనే వరుస ఉంటుంది. తాను పనిచేయడానికి ఏయే ఇతర ప్యాకేజీలు, ఏ వెర్షన్‌లో కావాలో అక్కడ పేర్కొనాలి. ‘>=’ అంటే ఇంతకు తగ్గరాదని, ‘<<’ అంటే ఇంతకు ముందుదే కావాలని, ‘=’ అంటే ఇదే కావాలని అర్థం. పూర్వం ఒంటి ‘<’ గుర్తు కూడా చెల్లేది. చూసినవారు ‘తక్కువ’ అనుకునేవారు. కంప్యూటరు మాత్రం ‘తక్కువ లేదా సమానం’ అని గ్రహించేది. ఆ గుర్తుకు స్వస్తి చెప్పడం మంచిదే అయింది.

మా ప్రోగ్రాము చిన్నది. యంత్రాల కంపన రీడింగులను సేకరించి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ సాయంతో భద్రంగా సర్వరుకు పంపడమే దాని పని. పరీక్షించనిదానికి పూచీ పడరాదన్నది నాకు ముప్పై ఏళ్లుగా వంటబట్టిన అలవాటు. అందువల్ల, పరీక్షించిన వెర్షన్‌కే ‘=’ బిగించాను.

డెబియన్‌లో భద్రతా లోపాన్ని సరిదిద్దిన ప్రతిసారీ వెర్షన్ సంఖ్యలో కనీసం చివరి భాగమైనా మారుతుంది. సరిదిద్దిన లైబ్రరీ వచ్చింది. మా ప్యాకేజీ ‘పాతదే కావాలి’ అని పట్టుబట్టింది. ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ ఆదేశం ఉన్న ప్యాకేజీని తొలగించదు కనుక, కొత్త లైబ్రరీనే ఆపివేసి ఆ సంగతి ఒక వరుసలో నమోదు చేసింది. రాత్రివేళ తనంతట తాను నడిచే పని అది. లాగ్ చదివిన నాథుడు లేడు. నాలుగు నెలల తరువాత తనిఖీలో చూస్తే అన్ని కంప్యూటర్లలోనూ లోపమున్న లైబ్రరీయే కనిపించింది. ఎవరూ చొరబడకపోవడం కేవలం మా అదృష్టం. జాగ్రత్త కోసం వేసిన తాళం లోపలి దొంగకు కాపలా కాసినట్లయింది.

వాస్తవానికి నేను అడగవలసినది, మా ప్రోగ్రాము పిలిచే ఫంక్షన్లు ఏ వెర్షన్ నుంచి లభిస్తున్నాయన్నదే. ఆ లెక్క వేయడానికి డెబియన్‌లో ‘డిపికెజి-ఎస్‌హెచ్‌లిబ్‌డెప్స్’ అనే సాధనం ఉంది; ‘>=’ షరతును అదే రాసిపెడుతుంది. దానిని కాదని నేను చేత్తో రాశాను!

మరి రేపటి వెర్షన్ మన ప్రోగ్రామును చెడగొడితే? లైబ్రరీల విషయంలో దీనికి డెబియన్ ఇచ్చిన జవాబు నాకు మిక్కిలి నచ్చింది. పొత్తు కుదరనంతగా లైబ్రరీ మారినప్పుడు ప్యాకేజీ పేరే మారుస్తారు. 2021లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 వెలువడ్డాక ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1’ స్థానంలో ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3’ వచ్చింది. పేర్లు వేరు గనుక రెండూ పక్కపక్కనే ఉండగలవు. 32-బిట్ కాలగణన 2038 జనవరి 19తో నిండిపోతుంది. ఆ చిక్కును తప్పించేందుకు 2024లో ఎన్నో లైబ్రరీల పేర్ల చివర ‘టి64’ చేర్చారు. పాతదీ కొత్తదీ కలగలిసిపోకుండా ఆ పేరే అడ్డు నిలుస్తుంది.

‘=’ వృథా అని నా భావం కాదు. ఒకే మూలం నుంచి పుట్టిన లైబ్రరీకీ, దాని అభివృద్ధి ప్యాకేజీకీ మధ్య అది ఉండి తీరాలి.

సంఖ్యలతో మరో తిరకాసు ఉంది. బడి లెక్కల ప్రకారం 1.10 కంటె 1.9 పెద్దది, ఇక్కడ చుక్క తరువాతి 10, 9 వేరువేరు పూర్ణాంకాలు గనుక 1.10 పెద్దది. అలాగే ‘2.0~ఆర్‌సి1’ అన్నది 2.0 కంటె ముందుది. ‘>= 2.0’ అని రాసి, ఆ ముందస్తు విడుదలతో పరీక్షించబోతే ప్యాకేజీ లోపలికి రానివ్వదు.

తనిఖీ అయిన రోజే ‘=’ తీసి ‘>=’ పెట్టాను. చేంజ్‌లాగ్‌లో ‘షరతు మార్చడమైనది’ అని రాసి ఊరుకున్నాను. ఆరు నెలలకు మా విభాగంలో చేరిన యువ ఇంజనీరు, సార్ ఏమరుపాటున వదులుగా వదిలేశారనుకొని మళ్లీ ‘=’ బిగించి, ఆమోదానికి నా బల్లమీదికే పంపించాడు. తప్పు అతనిది కాదు. ఆ సాయంత్రం కూర్చుని కారణమంతా చేంజ్‌లాగ్‌లో రాశాను. పదకొండు వరుసలు వచ్చింది.