మనసుకు బ్యాడ్జీ లేదు

ప్రశ్న: మావారు 108 అంబులెన్సులో టెక్నీషియన్. ఆరేళ్ళ సర్వీసు. రెండు నెలలుగా రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నారు. బాబు ఏడిస్తే బయటికి వెళ్ళిపోతున్నారు. అడిగితే "ఏం లేదు" అంటారు. గాలి సోకిందని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. ఇది జబ్బేనా?
- ఒక సోదరి

జవాబు: అమ్మా! ఇది గాలీ కాదు, పిరికితనమూ కాదు. రోజూ చావుబతుకుల మధ్య పనిచేసేవారి మనసుకు తగిలే దెబ్బ కావచ్చు.

ఎక్స్‌రే గదిలో పనిచేసేవారు ఛాతీకి బ్యాడ్జీ పెట్టుకుంటారు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది చెబుతుంది. మనసుకు అలాంటి బ్యాడ్జీ లేదు. అందుకే నిపుణులు ప్రశ్నలతో కొలుస్తారు. పసిబిడ్డ మరణం, తెలిసినవారి ప్రమాదం, ఛిద్రమైన శవం, జనం దాడి - ఇలా ఒక్కొక్కటీ ఎన్నిసార్లు ఎదురైంది, ఎంత బాధపెట్టింది అని రెండూ అడుగుతారు. ఒక్క సంఖ్య చాలదు. వంద ప్రమాదాలు చూసి తట్టుకున్నవాడు, ఒక్క పసికందు చేతిలో పోతే కుంగిపోవచ్చు.

చూసినదాని లెక్క వేరు, దాని ప్రభావం వేరు. ప్రభావానికి 1979లో ఒక ప్రశ్నావళి వచ్చింది. 1997లో దాన్ని 22 ప్రశ్నలకు పెంచారు. గడిచిన ఏడు రోజుల్లో ఆ దృశ్యం ఎంతగా వెంటాడింది, దాన్ని గుర్తుచేసేవాటిని తప్పించుకున్నారా, ఉలికిపాటు ఉందా అని అడుగుతారు. మార్కులను బట్టే జబ్బు తేల్చరు. డాక్టరు మాట్లాడి నిర్ణయిస్తారు.

ఇలాంటి లక్షణాలు నెల దాటితే, ఇంటికీ పనికీ అడ్డొస్తే మానసిక వైద్యుణ్ణి చూడాలి. మీవారికి ఆ గడువు దాటింది, ఆలస్యం చేయకండి. మాటల చికిత్సతోనూ, అవసరమైతే మందులతోనూ చాలామంది కోలుకుంటారు.

మీరు చేయగలిగింది: కూర్చోబెట్టి అన్నీ చెప్పించకండి. "ఈవేళ డ్యూటీ బరువుగా గడిచిందా?" అని ఒక్క మాట అడగండి. చెబితే వినండి, లేకుంటే వదిలేయండి. నిద్రకోసం మద్యం, సొంతంగా కొన్న నిద్రమాత్రలు వద్దు. టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. "బతికి ఏం లాభం" అన్న మాట వస్తే ఒంటరిగా వదలక ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

తాయెత్తు ఉంటే ఉండనివ్వండి. అత్తగారితో తగవు వద్దు. వైద్యం మాత్రం మానకండి.