గృహిణీ గోష్ఠి: పాత కారునకు క్రొత్త స్ట్రట్టులు

కోనసీమనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. వారింట 2006వ సంవత్సరపు మారుతి 800 కలదు. నడుమునకు శస్త్రచికిత్స జరిగిన మామగారిని నెలకొకమారు అందులో రాజమండ్రి వైద్యునికడకు తీసికొనిపోవలయును. ఇటీవల గతుకు వచ్చినప్పుడెల్ల ఆయన మూల్గుచున్నారు. ముందువైపు ఎడమ స్ట్రట్టు పోయినదనియు, పాతదానినే బాగుచేసి బిగించినచో సగము ఖర్చుతో తీరుననియు మెకానిక్కు చెప్పినాడు. ఆమె భర్త సరేయన్నారు. ఆమెకు మాత్రము మనసొప్పకున్నది. ఇది మగవారి వ్యవహారమేమోయని సంకోచించుచునే మమ్మడిగినది. ఇంటి సొమ్మును, ఇంటి పెద్దల నడుమును ఇందులో ఇమిడియుండగా మనకు సంబంధింపని దెట్లగును?

స్ట్రట్టనగా చుట్టు స్ప్రింగును, దాని నడుమ నూనె నిండిన గొట్టమును కలిసిన కంబము. స్ప్రింగు కుదుపును మ్రింగును గాని, దాని నటులే విడిచినచో ఊయలవలె ఊగుచునే యుండును. ఆ ఊపును నిలుపునది గొట్టములోని ముషలకము. సన్నని రంధ్రములగుండ నూనెను త్రోయుచు నది కదలును. చిక్కని పెరుగులో కవ్వము త్రిప్పునపుడు చేతికి తగులు అడ్డు వంటిదే యిది. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ రూపొందించిన ఈ యమరిక 1950లో ఇంగ్లాండున ఫోర్డు కాన్సల్ కారుతో పేరొందినది. 1983లో మన దేశమున వెలువడి 2014లో తయారీ నిలిచిపోయిన మారుతి 800 ముందు చక్రములకును ఇదియే ఆధారము. అంబాసిడరు కారునకు ముందు స్ట్రట్టు లేదు. ఆ యనుభవముతో దీనికి సలహా చెప్పు పెద్దమనుష్యులకు నమస్కరించి ఊరకుండుట మేలు.

స్ట్రట్టు కుదుపు నాపుటయే కాదు, చక్రమును నిలువుగా పట్టియుంచును. స్టీరింగుతో పాటు తానును తిరుగును. అది బలహీనమైనచో టైరు గతుకుల బాటపై ఎగిరెగిరి పడును. భూమి నంటని టైరునకు బ్రేకు పట్టు లేదు. వానలో అడ్డముగా మేకపిల్ల వచ్చినపుడు ఆగవలసిన కారు మరికొంత దూరము పోవును. కావున దీనిని కేవలము సుఖమునకై పెట్టు ఖర్చుగా నెంచరాదు.

ఐనను ముందుగా రోగము తెలియవలయును. స్ట్రట్టు గొట్టముపై నూనె కారి దుమ్ము జిగటగా పట్టియున్నదా, టైరు అక్కడక్కడ గుంటలుగా అరిగినదా, బ్రేకు వేయగానే ముక్కు వంగుచున్నదా చూడుడు. బానెట్టు మూలను నొక్కి విడిచినచో కారు ఒకమారు లేచి కుదుటపడవలయును; పలుమార్లు ఊగినచో చెడినట్లే. ఊగకున్నంత మాత్రమున మంచిదని మాత్రము నమ్మవలదు. స్టీరింగు త్రిప్పునపుడు టకటక మన్నచో దోషము పైనుండు టాప్ మౌంటుదో, దాని బేరింగుదో కావచ్చును. బాల్ జాయింటు, క్రింది ఆర్ము బుష్షులు అరిగినను శబ్దము వచ్చును. ఇవి చూడక స్ట్రట్టు మార్చినచో సొమ్ము పోవును, శబ్దము నిలుచును.

బాగుచేసినదాని సంగతి. అందులో క్రొత్త సీలు వేసి క్రొత్త నూనె పోయుదురు. అరిగిన వాల్వులు అటులే యుండును. కడ్డీపై గీత పడియున్నచో అది క్రొత్త సీలును గూడ కోయును. మా యభిప్రాయమున నిది పొదుపు కాదు. ఒక్క ప్రక్క మార్చుటయు తగదు. ఒకవైపు గట్టిగను, మరొకవైపు మెత్తగను ఉన్నచో బ్రేకు వేసినపుడు కారు సరిగా నిలువదు. ముందు జతను కలిపియే మార్పింపుడు.

నూనెవియు, నూనెతో నైట్రజను వాయువు నింపినవియు అని రెండు తెగలు కలవు. గతుకులపై ఎడతెగక చిలుకబడిన నూనె నురుగెత్తును. వాయువు ఒత్తిడి ఆ నురుగును తగ్గించును. మన బాటలకు వాయువు గలది మంచిదే. పందెపు కార్లకు తగిన బిరుసు రకములను మాత్రము ఆశింపవలదు. తేలిక కారులో రోగి నడుము అవి ఓర్వదు. మారుతివారి సొంత భాగములు గాని, 1961లో స్థాపింపబడిన గాబ్రియెల్ వంటి పేరున్న తయారీదారులవి గాని బిల్లుతో కొనుడు. ఛాసిస్ సంఖ్య, సంవత్సరము కాగితముపై వ్రాసికొని పోవుడు. ఎడమ, కుడి వేరువేరుగా నుండును; పెట్టె తెరచి చూచుకొనుడు. తయారైన నెలయు చూడుడు, రబ్బరు అలమరలోనే ముదురును. టాప్ మౌంటు, బేరింగు, బంప్ స్టాపు, డస్ట్ బూటు కూడ క్రొత్తవి వేయింపుడు. మరల విప్పు కూలి తప్పును.

స్ప్రింగు లేని స్ట్రట్టు కొన్నచో పాత స్ప్రింగునే బిగింతురు. అది పగిలినదా, త్రుప్పుపట్టి క్రుంగినదా అడుగుడు. అణచిన స్ప్రింగులో నున్న శక్తి ప్రాణాంతకము. దానిని కంప్రెసరను పనిముట్టుతోనే విప్పవలయును. త్రాటితో కట్టి విప్పుదునను షెడ్డునుండి కారు మరలించుకొని పోవుడు. మెరయు కడ్డీని పట్టకారుతో పట్టనీయవలదు. పని ముగిసినవెంటనే వీల్ అలైన్‌మెంటు తప్పదు, లేనిచో క్రొత్త టైర్లును వంకరగా అరుగును.

వెనుక చక్రములకు స్ట్రట్టులు లేవు, విడి షాక్ అబ్సార్బర్లే యున్నవి. వాని సంగతి సోదరి అడుగలేదు గాని, కారు జాకీపై నున్నపుడే చూపించుకొనుట మంచిది. పొడిగా నుండి టైర్లు సమముగా అరిగియున్నచో ఈ యేటికి వానిని ముట్టనక్కరలేదు.