పెద్దబాతులపై తుపాకీ: గురి కుదిరినా నష్టమే

కొత్తచెరువు: వానలు కురిసి చెరువులు నిండిన ఏడాది చలికాలంలో నీటి పక్షులు దిగడం, వాటితోపాటు వేట ముచ్చట్లు రావడం మెట్ట ప్రాంతాలకు కొత్త కాదు. సరైన గుండు వాడి, గురి చూసి కొడితే పక్షికి బాధ ఉండదు, పంటకు రక్షణ ఉంటుంది అనేవారున్నారు. ఈ వాదనలో నిజమెంతో పరిశీలించవలసి ఉంది.

మంగోలియా, టిబెట్, లడఖ్ ప్రాంతాల్లో గుడ్లు పొదిగి, హిమాలయాలు దాటి దక్షిణాది చెరువులకు వచ్చే పక్షి చారల తల పెద్దబాతు. తెల్లని తలపై రెండు నల్లచారలు దాని గుర్తు. వేరుశనగ, వరి, శనగ చేలల్లో మేతకు దిగుతుంది గనుక రైతుకు కోపం రావడం సహజమే.

ఇక గుండు సంగతి. తూటాలోని సీసపు గుండ్లకు నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. ఆరో నంబరు గుండు 3 మిల్లీమీటర్ల లోపే. పెద్దబాతు దట్టమైన ఈకలను దాటి అది లోపలికి దిగడం కష్టం. బీబీ గుండు 4 మిల్లీమీటర్లకు పైబడి ఉండి లోతుగా దిగుతుంది. కాని తూటాలో తక్కువ గుండ్లే పడతాయి. దూరం పోయేకొద్దీ వాటి మధ్య సందులు పెరిగి, పక్షికి ఒకటో రెండో తగులుతాయి.

గురి ఇంతకంటే చిక్కు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎగిరే బాతు 40 గజాల దూరంలో ఉంటే, గుండు చేరేలోపు అది దాదాపు ఆరడుగులు ముందుకు పోతుంది. కనుక పక్షిని కాక, దాని ముందున్న ఖాళీని కొట్టాలి. అంతకు మించిన దూరమైతే ఆరితేరినవానికీ నమ్మకం లేదు. నాటు తుపాకీ సంగతి చెప్పనక్కరలేదు. దెబ్బ తగిలీ పడని బాతు ఎగిరిపోయి, ఏ తుమ్మల కిందనో రోజుల తరబడి బాధపడి చస్తుంది.

తగలని గుండ్లూ ఊరికే పోవు. చెరువు బురదలో ఉండిపోతాయి. మేత నూరుకోవడానికి మింగే రాళ్లతోపాటు పక్షులు వాటినీ మింగుతాయి. కందనకాయలో సీసం అరిగి రక్తంలో కలిసి పక్షి నీరసించి చస్తుంది. అందుకే అమెరికాలో 1991 నుంచి నీటి పక్షుల వేటలో సీసపు గుండ్లను నిషేధించారు. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2023 నుంచి చిత్తడి నేలల్లో వాడరాదు. మాంసంలో మిగిలే సీసం పిల్లల మెదడుకు హాని. ఎండాకాలంలో చెరువు మట్టి తోలుకునే రైతు పొలానికీ ఆ గుండ్లు చేరవచ్చు.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదట లైసెన్సుపై వేటకు వీలుండేది. 1991 సవరణతో ఆ వీలు పోయింది. 1959 ఆయుధాల చట్టం కింద పంట రక్షణకని ఇచ్చే లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే గాని, బాతును కొట్టడానికి కాదు. కేసు అయితే జైలు, జరిమానా తప్పకపోవచ్చు.

అయితే పంట పోతే రైతు గతేమిటి? డబ్బాల మోత, మెరిసే రిబ్బన్లు, రాత్రి కాపలా పక్షిని తోలగలవు. ఆ భారమంతా రైతుపైనే వేయడం న్యాయం కాదు. అటవీ శాఖవారు నష్టాన్ని సకాలంలో చూసి రైతును ఆదుకోవలసి ఉంది. ఇదే మెట్టలో చిలమత్తూరు మండలం వీరాపురం ప్రజలు ఏటా వచ్చే ఎర్రకాళ్ల కొంగలను ఊరి బిడ్డల్లా కాపాడుతున్నారు. ఊరు పూనుకుంటే తుపాకీ అవసరం రాదనడానికి అదే నిదర్శనం.